ఐసోటోపు అంటే రేడియేషనేనా? గుణుపురం పిల్లల ప్రశ్న మీద చర్చ

గుణుపురం మాష్టారు

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతుంటాను. పగలు బడిలో ఒడియాలో విన్న పాఠాన్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మరోసారి చెప్పించుకోవడానికి వచ్చే పిల్లలే వీళ్లలో ఎక్కువ. ఐసోటోపుల పాఠం వచ్చేసరికి ప్రతి ఏడూ ఒకే చిక్కు ఎదురవుతోంది. ప్రోటాన్ల సంఖ్య ఒకటిగా ఉండి న్యూట్రాన్ల సంఖ్య మాత్రం వేరుగా ఉన్న ఒకే మూలకపు పరమాణువులను ఐసోటోపులు అంటారని నిర్వచనాన్ని పొల్లు పోకుండా అప్పజెబుతారు. ఉపయోగాలు చెప్పమంటే మాత్రం కోబాల్టు, కేన్సరు, యురేనియం, బాంబు అని ఏకరువు పెడతారు. చివరికి ఐసోటోపు అంటేనే ప్రమాదకరమైన పదార్థమని వాళ్ల మనసులో నాటుకుపోతోంది.

ఈసారి ఒక అమ్మాయి లేచి, "ఐసోటోపులన్నిటికీ రసాయన ధర్మాలు ఒక్కటేనని మీరే చెప్పారు కదండీ, మరి ఒకటి ఉప్పులో కలిపి తినేదిగానూ ఇంకొకటి సీసపు డబ్బాలో దాచేదిగానూ ఎలా అవుతాయి?" అని అడిగింది. మరో కుర్రవాడు, క్లోరిన్ పరమాణు భారం 35.5 దగ్గర ఉంటే మన కోరాపుట్ కొండల బాక్సైటులో ఉన్న అల్యూమినియానికి ఇంచుమించు 27 అని పూర్ణసంఖ్య ఎందుకు వచ్చిందని అడిగాడు. సమాధానం చెప్పాను గాని, మన ప్రాంతంలో పిల్లలు కళ్లతో చూసినవాటితో ముడిపెట్టి చెప్పగలిగితే బాగుంటుందని అనిపించింది. అనుభవం ఉన్నవారు రాయగలరు.

వంశధార (పర్లాకిమిడి)

మాష్టారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే పాఠమంతా ఉంది. ఒక పరమాణువు దేనితో కలుస్తుంది, ఎలా కలుస్తుంది అన్నది దాని ఎలక్ట్రాన్ల వ్యవహారం. ఎలక్ట్రాన్లు ఎన్ని ఉండాలో నిర్ణయించేవి ప్రోటాన్లు. న్యూట్రాన్లకు ఆ లావాదేవీలో పాత్ర లేదు కనుకనే ఐసోటోపులు రసాయనికంగా ఒకేలా నడుచుకుంటాయి. కేంద్రకం నిలుస్తుందా, విఘటనం చెందుతుందా అన్నది పూర్తిగా వేరే వ్యవహారం, అక్కడ న్యూట్రాన్ల సంఖ్యే కీలకం. తేలిక మూలకాల్లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఇంచుమించు సమంగా ఉంటే కేంద్రకం స్థిరంగా ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ ప్రోటాన్ల మధ్య వికర్షణ పెరుగుతుంది కాబట్టి, దాన్ని తట్టుకోవడానికి న్యూట్రాన్లు ఎక్కువ కావలసి వస్తుంది. సీసం-208లో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు ఉన్నాయి. ఆ నిష్పత్తి నుంచి ఎటు తప్పినా కేంద్రకం ఒక కణాన్ని విసిరేసి సర్దుకుంటుంది. మనం రేడియోధార్మికత అంటున్నది దాన్నే. కార్బన్-12, కార్బన్-13 స్థిరమైనవి. న్యూట్రాన్లు ఎక్కువైన కార్బన్-14 మాత్రం ఒక బీటా కణాన్ని, అంటే కేంద్రకం నుంచి దూసుకువచ్చే ఎలక్ట్రాన్‌ను, వదిలి నైట్రోజన్-14గా మారిపోతుంది.

కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇంకా సులువు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో సుమారు 76 శాతం క్లోరిన్-35, మిగిలిన 24 శాతం క్లోరిన్-37, రెండూ స్థిరమైనవే. వాటి సగటు 35.45. అల్యూమినియానికి ప్రకృతిలో స్థిరమైన ఐసోటోపు ఒక్కటే ఉంది కాబట్టి సగటు తీయవలసిన పనే లేదు. బంగారమూ, ఫ్లోరిన్ కూడా అలాంటివే. తగరానికి పది స్థిర ఐసోటోపులు ఉండగా టెక్నీషియానికి ఒక్కటీ లేదు. పాఠ్యపుస్తకాల్లో ఈ వైవిధ్యం కనబడకపోవడం వల్లనే పిల్లలకు ఐసోటోపు అనగానే రేడియేషన్ గుర్తుకు వస్తోందని నా అభిప్రాయం.

చరిత్రలో కూడా ఒక వింత ఉంది. ఒకే మూలకానికి వేర్వేరు భారాలు గల పరమాణువులు ఉంటాయన్న సంగతిని 1913లో ఫ్రెడరిక్ సోడీ స్పష్టంగా ప్రతిపాదించాడు. అదే కాలంలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువులో 20, 22 భారాల రెండు జాడలను ఫొటోగ్రాఫిక్ పలక మీద చూశాడు. 1919లో ఆస్టన్ ద్రవ్యరాశి వర్ణపట యంత్రాన్ని తయారుచేసి ఒక్కొక్క మూలకాన్నీ విడదీసి చూపించాడు. అయితే తేడాకు కారణమైన న్యూట్రాన్‌ను చాడ్విక్ కనిపెట్టింది 1932లో. అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు శాస్త్రవేత్తలు కారణం తెలియకుండానే ఐసోటోపులను కొలిచారన్న మాట.

పిల్లలకు నేను సూచించేది ఒక్కటే. ఏ ఉపయోగం చెప్పినా ఒక ప్రశ్న వేయమనండి: ఇక్కడ పని జరుగుతున్నది ఐసోటోపుల మధ్య పోలిక వల్లా, తేడా వల్లా? చాలా చోట్ల రెండూ కలిసి పనిచేస్తాయి, అప్పుడే ఆ ఉపయోగం రాణిస్తుంది.

బరంపురం కోడలు

వంశధార గారూ, మీరు వేయమన్న ప్రశ్నను నేనే ముందు వేస్తాను. మా అత్తగారికి థైరాయిడ్ కేన్సరుకు విశాఖపట్నంలో ఆపరేషన్ అయ్యాక అయోడిన్-131 ఇచ్చారు. అంతకు ముందు కొన్నాళ్లు అయోడిన్ కలిపిన ఉప్పు వాడవద్దనీ, సముద్రపు చేపలు ముట్టవద్దనీ చెప్పారు. ఆవిడ ఎండు చేపల పులుసు లేకపోతే ముద్ద దిగని మనిషి. ఇంట్లో ఉన్న ఆవకాయ జాడీ కూడా అటకెక్కించవలసి వచ్చింది. ఎందుకని అడిగితే చీటీ మీద ఉన్నదే మళ్లీ చదివి వినిపించారు తప్ప కారణం చెప్పిన వాళ్లు లేరు. మందు ఇచ్చాక ఆవిడను విడి గదిలో ఉంచారు. ఇంటికి వచ్చాక కూడా మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నారు. వాడు ఒకసారి వెళ్లి పక్కన పడుకున్నాడు. వాడికి కూడా ఆ రేడియేషన్ అంటుకుని ఉంటుందేమోనని నాకు ఇప్పటికీ లోపల పీకుతూనే ఉంది.

గామా కెమెరా

అమ్మా, నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సాంకేతిక ఉద్యోగిగా పనిచేశాను కాబట్టి వివరంగా చెబుతాను. మీ అత్తగారి వైద్యానికి సంబంధించిన నిర్ణయాలు మాత్రం ఆవిడను చూస్తున్న డాక్టరుగారివే.

ఉప్పులో ఉండేది అయోడిన్-127, స్థిరమైనది. మందులో ఉన్నది అయోడిన్-131. థైరాయిడ్ కణానికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు. దానికి కావలసింది అయోడిన్, ఏది దొరికితే దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఉప్పు, చేపల ద్వారా ఒంట్లో అయోడిన్ నిండుగా ఉంటే, మందుగా ఇచ్చినదానికి చోటు దక్కక ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. అందుకని కణాలను ముందుగా అయోడిన్ కోసం ఆకలిగొనేలా చేస్తారు. ఇదంతా వంశధార గారు చెప్పిన పోలిక. కణం లోపలికి వెళ్లాక తేడా పని మొదలవుతుంది. అయోడిన్-131 వదిలే బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి కాబట్టి మిగిలిపోయిన థైరాయిడ్ కణజాలాన్నే దెబ్బతీస్తాయి. దానితో పాటు వచ్చే గామా కిరణాలు ఒళ్లు దాటి బయటికి వస్తాయి. మేము కెమెరాతో చిత్రం తీయగలిగేది ఆ కిరణాల వల్లనే. మనవణ్ణి దూరంగా ఉంచమన్నది కూడా వాటి వల్లనే.

ఇక మీ భయం సంగతి. గామా కిరణాలు తగిలినంత మాత్రాన మనిషి రేడియోధార్మికం కాడు. కిరణం తగలడం వేరు, అయోడినే ఒంటికి అంటడం వేరు. చెమట, ఉమ్మి, మూత్రం ద్వారా అయోడిన్ బయటికి వస్తుంది గనుక మొదటి కొన్ని రోజులు పక్కబట్టలు, గిన్నెలు, మరుగుదొడ్డి విషయంలో జాగ్రత్త చెబుతారు. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. అంటే ఉన్నదాంట్లో 8 రోజులకు సగం, 16 రోజులకు పావు వంతు మిగులుతుంది, 80 రోజులకు వెయ్యో వంతుకు దిగుతుంది. థైరాయిడ్ పట్టుకోని భాగాన్ని శరీరం మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటికి పంపేస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే వేగంగా తగ్గుతుంది. బాబు ఒకసారి పక్కన పడుకున్నందువల్ల వాడి ఒంట్లో కిరణాలేవీ నిలిచిపోవు. మనసు కుదుటపడకపోతే ఎంతసేపు, ఎన్నో రోజున అన్నది చెప్పి ఆస్పత్రిలోని రేడియేషన్ భద్రతాధికారిని అడగండి, ఆయన లెక్క కట్టి చెబుతారు.

మాష్టారి పిల్లల కోసం ఇంకొక ఉదాహరణ. స్కానింగులో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. దాన్ని దూరం నుంచి తెప్పించుకోవడం గిట్టుబాటు కాదు, అందుచేత 66 గంటల అర్ధాయువు గల మాలిబ్డినం-99ను తెప్పించి, అందులో నుంచి ఏ పూటకు ఆ పూట టెక్నీషియాన్ని ఆస్పత్రిలోనే కడిగి తీసుకుంటారు. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర నుంచి నాలుగు గంటల దూరానికి తీసుకువెళితే ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. మన రాయగడ, కోరాపుట్ వైపు రోగులు స్కాన్ కోసం పెద్ద ఊళ్లకు పరుగెత్తవలసి రావడానికి యంత్రాల ఖరీదు ఒక కారణమైతే, ఈ అర్ధాయువు మరో కారణం. విశేషమేమిటంటే ఈ ఫ్లోరిన్-18ను తయారు చేసేది ఏ రేడియేషనూ లేని ఆక్సిజన్-18 ఉన్న నీటి నుంచి. ఆ నీటి మీద ప్రోటాన్లను ప్రయోగిస్తే ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్ అవుతుంది.

రాయగడ మిల్లు

అందరూ ఆస్పత్రుల గురించే రాస్తున్నారు. నేను ఒక కాగితపు మిల్లులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఈ నోటుపుస్తకాల కాగితం మందం సరిగ్గా వచ్చిందో లేదో యంత్రం ఆపకుండా ఎలా తెలుస్తుందని పిల్లలను అడగండి. పరుగెడుతున్న కాగితాన్ని ముట్టుకుని కొలవడం కుదరదు. అందుకని కాగితానికి పైన ఒక తల, కింద ఒక తల ఉన్న స్కానర్ ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతూ ఉంటుంది. ఒక తలలో క్రిప్టాన్-85 వాయువు మూసిన గొట్టం, రెండవదానిలో బీటా కణాలను లెక్కపెట్టే డిటెక్టరు. కాగితం దట్టంగా ఉంటే తక్కువ కణాలు దాటుతాయి, పలచగా ఉంటే ఎక్కువ దాటుతాయి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, అంటే మేము జీఎస్ఎం అనే లెక్క, తెర మీద గీతగా వస్తుంది. తడి ఎంత ఉందన్నది పరారుణ కిరణాలతో విడిగా కొలుస్తారు.

ఇందులో మాకు రోజూ ఎదురయ్యే చిక్కు అర్ధాయువే. క్రిప్టాన్-85కు అది పదకొండేళ్లకు కాస్త తక్కువ. ఏడాదికి సుమారు 6 శాతం చొప్పున దాని జోరు తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను గమనించకపోతే, తక్కువ కణాలు వచ్చాయి కనుక కాగితం దట్టంగా ఉందని యంత్రం పొరబడి కాగితపు గుజ్జును తగ్గించేస్తుంది. అందుకే స్కానర్ తల మధ్య మధ్యలో కాగితం అంచు దాటి పక్కకు వెళ్లి, మధ్యలో ఏమీ లేకుండా ఒకసారి కొలుచుకుని, ఆ అంకెతో పోల్చుకుని తిరిగి పనిలోకి వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు యంత్రం మొరాయించిందని కంగారుపడేది ఆ సమయంలోనే. క్రిప్టాన్ జడవాయువు కావడం కూడా కలిసివచ్చిన అంశం. గొట్టం పగిలినా అది దేనితోనూ సంయోగం చెందదు, ఒంట్లో ఎక్కడా పేరుకోదు.

రేడియోధార్మిక పదార్థమున్న ఇలాంటి పాత సోర్సులను మాత్రం అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనల ప్రకారం తిరిగి అప్పగించాలి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారుకు కోబాల్టు-60 ఉన్న పాత పరికరం వేలంలో చేరింది. ఏమిటో తెలియక దాన్ని విప్పినవాళ్లు జబ్బుపడ్డారు, ఒక కార్మికుడు మరణించాడు. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉన్న ఏ లోహపు డబ్బానూ ముట్టకూడదని పిల్లలకు పాఠంతో పాటే చెప్పండి మాష్టారూ. ఇది పరీక్షలో రాకపోయినా పనికివచ్చే విషయం.

గుణుపురం మాష్టారు

తప్పక చెబుతాను. మాయాపురిలో ఉన్నది కోబాల్టు, ఉల్లిపాయలు మొలకెత్తకుండా వాడేదీ కోబాల్టే కదా, మరి ఆ ఉల్లిపాయలు తినవచ్చా అని తప్పకుండా అడుగుతారు. అది కూడా ఎవరైనా రాయండి.

గామా కెమెరా

నిశ్చింతగా తినవచ్చు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో ఉన్న కేంద్రం ఈ పనే చేస్తుంది. ఉల్లిపాయ గామా కిరణాల ఎదుట నుంచి వెళుతుంది గాని కోబాల్టు దానికి తగలదు. కోబాల్టు-60 వదిలే గామా కిరణాల శక్తి మొలక కణాల విభజనను ఆపడానికి సరిపోతుందే తప్ప ఉల్లిపాయలోని పరమాణు కేంద్రకాలను మార్చడానికి చాలదు. బరంపురం కోడలు గారి అత్తగారి మనవడి విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

గంజాం తీరం

మా ఛత్రపురం ఇసుక గురించి కూడా ఇలాంటి అపోహలే ఉన్నాయి. ఖనిజాలను వేరుచేసే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త విపులంగా రాస్తాను. ఇక్కడి తీరపు ఇసుకలో ఇల్మనైటు, రూటైలు, జిర్కాన్, గార్నెట్, సిలిమనైటు, మోనజైటు కలిసి ఉంటాయి. ఊళ్లోవాళ్లు నల్ల ఇసుకను చూపించి అదే రేడియేషన్ ఇసుక అంటారు. నలుపు ఇల్మనైటుది. అది ఇనుము, టైటానియంల ఆక్సైడు. థోరియం ఉన్నది మోనజైటులో, దాని గింజలు పసుపు ఛాయలో ఉంటాయి. భూతద్దం కింద చూస్తే తేనెరంగు చక్కెర పలుకుల్లా కనబడతాయి. భారతదేశపు మోనజైటులో థోరియం ఆక్సైడు సుమారు 8 నుంచి 10 శాతం వరకు, యురేనియం అతి స్వల్పంగా ఉంటాయి.

థోరియం-232 అర్ధాయువు 1,405 కోట్ల సంవత్సరాలు. ఇంత పెద్ద అంకె వినగానే ఇంతకాలం విషం చిమ్ముతూనే ఉంటుందా అని జనం బెదిరిపోతారు. లెక్క అందుకు తలకిందులు. అర్ధాయువు ఎక్కువ అంటే విఘటనం అంత నెమ్మదిగా జరుగుతోందని అర్థం. గ్రాము థోరియం-232లో సెకనుకు సుమారు 4 వేల పరమాణువులు మాత్రమే మారతాయి. 70 కిలోల మనిషి ఒంట్లో సహజంగా ఉండే పొటాషియం-40 కూడా సెకనుకు నాలుగు వేల పైచిలుకు విఘటనాలు చెందుతూనే ఉంటుంది. మనం తిన్న అన్నం, పప్పు, అరటిపండు ద్వారా వచ్చినదే అది. అయితే థోరియం ఒంటరిగా ఉండదు. దాని తరువాత వరుసగా పుట్టే రేడియం, థోరాన్ వాయువు, థాలియం-208 వంటివి చివరికి సీసం-208 అయ్యేదాకా తమ వంతు కిరణాలను చేరుస్తాయి. థాలియం-208 గామా కిరణాలు ఎక్కువ శక్తి గలవి. అందువల్ల ఈ తీరంలో సహజ రేడియేషన్ లోతట్టు ప్రాంతాల కంటే హెచ్చుగా ఉన్న మాట నిజమే. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇంతకంటే ఎక్కువ ఉంది. అక్కడ జనాభా మీద దీర్ఘకాలం జరిగిన అధ్యయనంలో ఆ కారణంగా కేన్సర్లు పెరిగినట్టు కనబడలేదు. ఇసుకను తాకితే ఏమీ కాదు. శుద్ధిచేసిన మోనజైటు ధూళిని పీల్చడం మాత్రం వేరే సంగతి, కర్మాగారంలో మాస్కులు, రేడియేషన్ మోతాదును కొలిచే బ్యాడ్జీలు పెట్టుకునేది అందుకే.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది మాత్రం జిర్కాన్. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వాగుల్లో, నదుల్లో కొట్టుకువచ్చి సముద్రపు ఒడ్డున పేరుకున్న గింజలివి. జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియానికి చోటిస్తుంది గాని సీసాన్ని రానివ్వదు. కనుక ఇప్పుడు దాని లోపల కనబడే సీసం-206, సీసం-207 దాదాపు అంతా యురేనియం నుంచి పుట్టినదే. యురేనియం-238 సుమారు 447 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో మొదటిదాన్ని, యురేనియం-235 సుమారు 70 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో రెండవదాన్ని ఇస్తాయి. ఒకే గింజలో వేర్వేరు వేగాలతో నడిచే రెండు గడియారాలు ఉండడం వల్ల ఒకదాని తప్పును మరొకటి పట్టిస్తుంది. మన తూర్పు కనుమల ఖోండలైటు, చార్నొకైటు రాళ్లు సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో తీవ్రమైన వేడికి గురయ్యాయని చెప్పగలుగుతున్నది ఇలాంటి గింజల వల్లనే. రాయగడ, కోరాపుట్ పిల్లలు రోజూ ఎక్కి ఆడుకునే కొండలే అవి.

మహేంద్రగిరి

గంజాం తీరం గారూ, చాలా బాగా రాశారు. మా మహేంద్రగిరి మీద ఉన్న రాతి గుడుల వయస్సు కూడా ఇలా తేల్చవచ్చా? కార్బన్ డేటింగ్ చేస్తే సరిపోతుందని కొందరు అంటూ ఉంటారు.

రెండో మాట వంశధార గారికి. రసాయన ధర్మాలు ఒక్కటేనంటే భారజలం సంగతి ఏమిటి? నీళ్లే కదా అని తాగవచ్చా?

గంజాం తీరం

జిర్కాన్ చెప్పేది రాయి వయస్సును, గుడి వయస్సును కాదు. కోటానుకోట్ల ఏళ్ల రాయిని తెచ్చి నిన్న గుడి కట్టినా దానికి తేడా తెలియదు. కార్బన్-14 ఒకప్పుడు ప్రాణమున్న వాటికే పనికివస్తుంది. చెట్టు బతికి ఉన్నంతకాలం గాలి నుంచి కార్బన్-14ను తీసుకుంటూ ఉంటుంది, చనిపోయాక కొత్తది చేరక ఉన్నది 5,730 ఏళ్లకు సగం చొప్పున తగ్గుతుంది. గుడి పునాదిలో కట్టిన నాటి బొగ్గో, దూలపు ముక్కో దొరికితే వాటిని పరీక్షించవచ్చు. లేకపోతే శాసన లిపి, శిల్పశైలి చూసి చెప్పవలసిందే.

వంశధార (పర్లాకిమిడి)

భారజలం దగ్గరికి నేనే వద్దామనుకుంటున్నాను. ఐసోటోపుల భారంలో తేడా శాతంలో చూడాలి. యురేనియం-235కూ 238కూ మధ్య తేడా ఒక శాతం పైన కొద్దిగా. హైడ్రోజన్‌కు ఒక్క న్యూట్రాన్ చేరితే బరువు రెట్టింపు అవుతుంది. 1931లో యూరీ కనిపెట్టిన ఈ డ్యుటీరియం విషయంలోనే పోలిక బాగా సడలిపోయి, రసాయన చర్యల వేగం కూడా మారుతుంది. మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న నీరే భారజలం. అది 3.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మామూలు నీటి కంటే సుమారు 11 శాతం సాంద్రమైనది. భారజలపు మంచుముక్కను మామూలు నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అది రేడియోధార్మికం కాదు. ఒక గ్లాసు తాగినా ఏమీ కాదు గాని, ఒంట్లోని నీటిలో పెద్ద భాగం అదే అయితే కణ విభజన దెబ్బతింటుంది.

దాన్ని వేరుచేసే తీరు చూస్తే ఐసోటోపులు ఎంత దగ్గరి చుట్టాలో బోధపడుతుంది. ఛత్రపురంలో ఇల్మనైటును అయస్కాంతం లాగేస్తుంది, రూటైలును విద్యుత్తు వేరుచేస్తుంది. రసాయనికంగా ఇంచుమించు ఒకటైన హైడ్రోజన్, డ్యుటీరియంల మీద ఆ ఉపాయాలు పారవు. మామూలు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్క డ్యుటీరియం ఉంటుంది. మన మల్కనగిరి నుంచి శబరి వెంట దిగి గోదావరి చేరి, భద్రాచలం దాటి ఎగువకు వెళితే మణుగూరు భారజల కర్మాగారం వస్తుంది. అక్కడ నీటికీ హైడ్రోజన్ సల్ఫైడు వాయువుకూ మధ్య డ్యుటీరియం మార్పిడి జరిపిస్తారు. సుమారు 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం నీటి వైపు మొగ్గుతుంది, 130 డిగ్రీల దగ్గర ఆ మొగ్గు తగ్గుతుంది. ఈ చిన్న తేడానే ఎత్తైన గోపురాల్లో వేడి, చల్లని దశల మధ్య పదే పదే వాడుకుని కొంచెం కొంచెంగా నీటిలో డ్యుటీరియం పాలును పెంచుతారు. ఇంత శ్రమ ఎందుకంటే, డ్యుటీరియం న్యూట్రాన్లను మింగకుండా నెమ్మదింపజేస్తుంది. అందువల్ల యురేనియాన్ని శుద్ధిచేసి అందులో యురేనియం-235 పాలును పెంచకుండా, ప్రకృతిలో దొరికిన 0.7 శాతంతోనే మన దేశపు భారజల రియాక్టర్లు నడుస్తున్నాయి.

కొండతేనె (జయపురం)

నేను వ్యాపారిని, రియాక్టర్ల గొడవ నాకు తెలియదు. కొండల మీద నుంచి దించిన తేనెను కొని అమ్ముతుంటాను. కిందటి సరుకును ప్రయోగశాలకు పంపితే, అందులో "సీ4 చక్కెర" హద్దు మించిందని కాగితం వచ్చింది. ఐసోటోపు పరీక్ష చేశామన్నారు. చక్కెర చక్కెరే కదా, తేనెలో ఉన్న గ్లూకోజుకూ చెరకు నుంచి వచ్చిన గ్లూకోజుకూ తేడా ఎలా తెలుస్తుంది? వీళ్లు గాలివాటుగా రాశారని నా అనుమానం. రేడియేషన్ పెట్టి నా తేనెను పాడుచేశారా అని కూడా అడగాలనుకున్నాను.

వంశధార (పర్లాకిమిడి)

రేడియేషన్ ప్రసక్తే లేదండీ. వాళ్లు కొలిచింది కార్బన్-13ను, అది స్థిరమైన ఐసోటోపు. గాలిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం అదే ఉంటుంది. మొక్కలు ఆకుల్లో కార్బన్ డయాక్సైడును పట్టుకునేటప్పుడు కాస్త బరువైన కార్బన్-13ను కొంత వదిలేస్తాయి. ఎంత వదులుతాయన్నది మొక్క జాతిని బట్టి ఉంటుంది. వరి, చాలా రకాల చెట్లు, తేనెటీగలు వాలే పూలమొక్కల్లో దాదాపు అన్నీ ఎక్కువగా వదిలేస్తాయి, వీటిని సీ3 మొక్కలంటారు. చెరకు, మొక్కజొన్న, జొన్న, రాగి తక్కువగా వదులుతాయి, ఇవి సీ4 మొక్కలు. నిర్ణీత ప్రమాణంతో పోల్చి వెయ్యికి ఇన్ని వంతులు అని లెక్కిస్తే మొదటి జాతికి సుమారు రుణ 27, రెండవ జాతికి సుమారు రుణ 13 వస్తుంది. గ్లూకోజు అణువు నిర్మాణం ఒక్కటే అయినా దానిలోని కార్బన్ ఏ మొక్క నుంచి వచ్చిందో ఈ అంకె పట్టిస్తుంది.

గాలివాటుగా రాశారేమోనన్న అనుమానానికి కూడా సమాధానం ఉంది. ఒక్కొక్క అడవిలో తేనె అంకె కొద్దిగా మారుతుంది కాబట్టి, అదే తేనెలో ఉన్న కాస్తపాటి ప్రోటీన్‌ను విడదీసి దాని అంకెను కూడా కొలుస్తారు. బయటి చక్కెర కలిపితే తేనె అంకె మారుతుంది గాని ప్రోటీన్ అంకె మారదు. రెండింటి మధ్య తేడా వెయ్యికి ఒక వంతు మించితే, సుమారు 7 శాతం సీ4 చక్కెర కలిసినట్టు. మీ సరుకు ఏ చేతుల మీదుగా వచ్చిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. పెట్టెల్లో పెంచే ఈగలకు వానాకాలంలో చక్కెర పాకం పెట్టే అలవాటు ఉంది. పూలు వచ్చాక కూడా పెడితే అది తేనెలోకి దిగుతుంది. కొండచరియల మీద పట్టే పెద్ద ఈగల తేనెలో అలా జరగడానికి వీలులేదు, మధ్యలో ఎవరైనా పాకం కలిపి ఉండాలి.

కొండతేనె (జయపురం)

రెండు రకాలూ కలిపి పోసిన డబ్బాలు కొన్ని ఉన్నాయి. వాటిని విడిగా పంపి చూస్తాను. బియ్యపు పాకం కలిపినా ఇలాగే పట్టేస్తారా?

వంశధార (పర్లాకిమిడి)

ఈ పరీక్ష పట్టలేదు. వరి సీ3 మొక్క కాబట్టి దాని అంకె పూల తేనె అంకెతో కలిసిపోతుంది. దానికి వేరే పరీక్షలు ఉన్నాయి. కల్తీదారులు బియ్యపు పాకం వైపు మళ్లడానికి ఇదీ ఒక కారణం.

గుణుపురం మాష్టారు

ఈ తేనె ముచ్చట సాయంత్రం పిల్లలకు చెప్పాను. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఊరుకోలేదు. రాగి సీ4 అయితే, రోజూ రాగి అంబలి తాగే మనిషినీ మూడు పూటలా వరి అన్నం తినే మనిషినీ ఐసోటోపులతో గుర్తుపట్టవచ్చా అని అడిగింది. రేపటికి జవాబు చెప్పాలి.

వంశధార (పర్లాకిమిడి)

గుర్తుపట్టవచ్చు. తిన్న తిండిలోని కార్బనే ఒంటిని కట్టేది కాబట్టి, అంబలి తాగేవారి వెంట్రుకలో కార్బన్-13 పాలు ఎక్కువగా ఉంటుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, ఆరు సెంటీమీటర్ల వెంట్రుకను ముక్కలుగా కోసి కొలిస్తే గడచిన ఆరు నెలల్లో తిండి ఎప్పుడు మారిందో కూడా తెలుస్తుంది. పురావస్తు శాస్త్రజ్ఞులు పాత ఎముకల మీద ఈ పద్ధతితోనే అప్పటి జనం ఏ ధాన్యం తిన్నారో తేలుస్తారు. ఒక్క జాగ్రత్త చెప్పండి: ఫారం కోళ్లకు పెట్టే దాణాలో మొక్కజొన్న ఎక్కువ, ఆ కార్బన్ కోడిమాంసం ద్వారా మనిషికి చేరుతుంది. అందుచేత అమ్మాయి నిజంగా పరీక్షకు వెంట్రుకలు సేకరించదలిస్తే, వారానికి ఎన్నిసార్లు కోడికూర తింటారో కూడా అడిగి రాసుకోవాలి.